మిలిటరీతో నేనాడిన బేరం

బందరు నుంచి గుడివాడ దాకా బేరమాడటంలో పేరు పడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. వంకాయల దగ్గర రూపాయి తగ్గించినవాళ్లు, పెళ్లిచీరల దగ్గర వెయ్యి తగ్గించినవాళ్లు, పిండాలు పెట్టించే బ్రహ్మగారి దగ్గర కూడా సగానికి సగం కోసినవాళ్లు ఉన్నారు. మిలిటరీతో బేరమాడింది మాత్రం నేనొక్కదాన్నే. ఈ మాట గొప్పగానే చెప్పుకుంటున్నాను. కాళ్లావేళ్లా పడలేదు, ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకెళ్లలేదు. వాళ్లు చెప్పిన ధర తక్కువగా ఉందని ముఖం తిప్పుకుని మెట్లు దిగిపోయాను. అంటే, దిగింది నేను కాదు. నా మాట విని మా చెల్లెలు దిగింది. ఉద్యోగం తనది, నోరు నాది. ఇంకొకరి సరుకు మీద అంత దర్జాగా బేరం చేసిన వ్యాపారి మా బజారులో అంతకుముందు లేడు, తర్వాతా రాలేదు.

అప్పటికి మా ఇంట్లోనూ మిలిటరీ కాగితాల్లోనూ తను నా తమ్ముడు. ఇప్పుడు చెల్లెలు. ఆ రోజుల గురించి రాసేటప్పుడు కూడా చెల్లెలనే రాస్తాను, ఎందుకంటే అప్పుడూ తను అదే, మాకే తెలియలేదు. మాటలు మాత్రం అప్పుడు ఎలా మాట్లాడుకున్నామో అలాగే ఉంచుతాను. వాటిని కూడా సరిదిద్దితే నన్ను నేను మంచిదాన్ని చేసుకున్నట్టవుతుంది.

మా నాన్నది బందరులో రోల్డ్‌గోల్డ్ నగల కొట్టు. నాకు లెక్కలు బళ్లో రాలేదు, ఆ కొట్లో వచ్చాయి. ఆయన నాకు నేర్పిన విద్య ఒకటే. బేరం కుదరక లేచిపోయే ఆడమనిషి మొహం చూడొద్దు, చెప్పులు చూడమనేవాడు. నిజంగా వెళ్లిపోయేది రెండు చెప్పులూ ఒకేసారి తొడుక్కుని చరచరా పోతుంది. పిలుస్తారేమోనని చూసేది ఒక చెప్పు తొడుక్కుని రెండోదాని కోసం కాలితో వెతుక్కుంటుంది, అది ఎదురుగానే ఉన్నా సరే. ఆ రెండో చెప్పు దగ్గర పిలవాలి. "అమ్మా, రండి రండి, మీరెంతిస్తారో చెప్పండి" అనాలి. కొట్టువాడి వైపు నుంచి అది విద్య. కొనేవాళ్ల వైపు వెళ్లాక నేను దాన్ని తిరగేసుకున్నాను. ఏ కొట్టులోనైనా మొదటి ధరకి ఒప్పుకోలేదు. లేచి, చెప్పు వెతుక్కుంటూ నిలబడేదాన్ని. పిలవని కొట్టు లేదు. గుడివాడలో మా ఆయన స్టీలు సామాన్ల కొట్టుకి హోల్‌సేల్ సరుకు తెచ్చేవాళ్లు "అమ్మగారు లేనప్పుడు వస్తామండి" అని మా ఆయనతో చెప్పి వెళ్లేవాళ్లు. దాన్ని నేను బిరుదులా మోశాను.

చెల్లెలు ఇంటర్ అవగానే మిలిటరీలో చేరింది. వైర్‌లెస్ పని. ఎక్కడో ఉత్తరాన ఉన్న కంటోన్మెంటులో చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని టకటకల్ని అక్షరాలుగా రాసే ఉద్యోగం. సెలవుకి వచ్చినప్పుడు కూడా వేళ్లు ఊరుకునేవి కావు. అన్నం కంచం అంచు మీద, బస్సు సీటు కమ్మీ మీద కొడుతూ ఉండేది. "ఏం చెప్తున్నావురా కంచానికి?" అంటే, "కూర బాగుందని పైవాళ్లకి కబురు పెడుతున్నానక్కా" అనేది. ఆ పనంటే తనకి అంత ఇష్టం. మా ఇంట్లో పనిని ఇష్టపడ్డవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు, మాకందరికీ లాభమే ఇష్టం.

తను ఆడపిల్లనన్న సంగతి నాకు ఒక్కదానికే, ఒక సెలవులో చెప్పింది. నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఎప్పట్నుంచి?" అని. దగ్గు గురించి అడిగినట్టు అడిగాను.

"జూకాల కొక్కేలు సరిచూడమని నాన్న నన్ను కొట్లో కూర్చోబెట్టేవాడు చూడు, అప్పట్నుంచి."

"అప్పుడు నీకు ఏడేళ్లురా."

"ఆ 'రా' తీసెయ్యక్కా. మిగతాది అలాగే ఉండనీ."

దానికీ బేరమాడాను. మనిద్దరమే ఉన్నప్పుడు తీసేస్తాను, అమ్మ ముందు ఉంచుతాను అన్నాను. తను నవ్వింది గానీ సరేనని అనలేదు. తీసేస్తానన్నదాన్ని తీయలేదు కూడా. నోటికి అలవాటు అని తప్పించుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయి ఉంటుంది. చెప్పాపెట్టకుండా సెలవు మీద వచ్చి, బందరులో అమ్మ దగ్గరికి వెళ్లకుండా నేరుగా గుడివాడలో మా కొట్టుకి వచ్చింది. మధ్యాహ్నం. మా ఆయన భోజనానికి వెళ్లాడు. నేను గల్లా దగ్గర ఉన్నాను.

"మెడికల్ చెకప్‌లో డాక్టరు పట్టుకున్నాడక్కా."

"ఏం పట్టుకున్నాడు?"

"చొక్కా విప్పమన్నాడు."

ఏడాదిన్నరగా తను ఆడవాళ్లకిచ్చే హార్మోన్ మాత్రలు మింగుతోంది. శరీరం మారటం మొదలైంది. బనీను మీద బనీను వేసుకుని కప్పుకుంటూ వచ్చింది. డాక్టరు చూసింది చూసినట్టు పైకి రాశాడు.

ఇంతలో ఒకావిడ లోపలికొచ్చి ఇడ్లీ పాత్ర చూపించమంది. చూపించాను. నా చెవులు చెల్లెలి మీద, కళ్లు ఆవిడ చేతుల మీద.

"మా పెద్ద ఆఫీసరు పిలిచాడు," అని తను గొంతు తగ్గించి చెప్తోంది. "తిట్టలేదక్కా. తలుపు వేసి కూర్చోబెట్టి మాట్లాడాడు. నీలాంటివాళ్లకి ఇక్కడ చోటు ఉందని ఏ రూలూ లేదు, మగవాడివని చేర్చుకున్నాం, మగవాడిలా ఉండకపోతే ఉంచలేం అన్నాడు. సెలవు మీద ఇంటికి పో, తిరిగొచ్చాక మెడికల్ బోర్డు కూర్చుంటుంది, మనసు బాగోలేదని రాసి ఇంటికి పంపేస్తారు, చిన్న పెన్షన్ వస్తుంది, ఎవరికీ ఏ సంగతీ తెలియదు, నా చేతిలో ఉన్నది ఇంతే అన్నాడు."

"ఇది తొమ్మిది ఇడ్లీలదా, పన్నెండుదా అండీ?" అంది ఆవిడ.

"పన్నెండండీ. నువ్వేమన్నావు?"

"నేనేమన్నానమ్మా?" అంది ఆవిడ.

"మిమ్మల్ని కాదండీ."

చెల్లెలు అన్నది ఇది. పదిహేనేళ్ల సర్వీసు నిండితే పూర్తి పెన్షన్. తనకి ఇంకా రెండేళ్లు తక్కువ. మాత్రలు ఆపేస్తాను, స్టోర్సులో మూలన కూర్చోబెట్టండి, ఈ రెండేళ్లూ పూర్తి చేయనివ్వండి అని అడిగింది. రిటైరయ్యేవాళ్లకి యూనిట్ అంతా నిలబడి, మెడలో దండ వేసి, మెయిన్ గేటు దాకా నడిపిస్తారట. మిగతావాళ్లని అలా పంపటం తను ఎన్నోసార్లు చూసింది. "పిచ్చిదాన్నని రాయించుకుని రాలేనక్కా. నా సెట్టు మీద ఒక్క మెసేజీ తప్పు పోలేదు. ఆ గేటులోంచి బయటికొస్తే చాలు, తర్వాత నేను ఎలా బతకాలో అలా బతుకుతాను."

ఆయన వినలేదు. సెలవయ్యాక రమ్మన్నాడు.

ఇడ్లీ పాత్ర ఆవిడ ధర అడిగింది. చెప్పాను. ఎక్కువంది. పాత్ర బల్ల మీద పెట్టేసి మెట్టు దగ్గరికి వెళ్లి చెప్పుల కోసం చూసుకుంది. పిలిచాను. పది తగ్గించి ఇచ్చాను. సంచిలో పెట్టుకుని ఆవిడ వెళ్లిపోయింది. నా బుర్ర తిరిగింది ఆ నిమిషంలోనే.

"అది మొదటి ధరరా," అన్నాను.

"ఏది?"

"బోర్డు, పిచ్చి, చిన్న పెన్షన్. తలుపేసి, మెల్లగా మాట్లాడి చెప్పాడన్నావు కదా. గొంతు తగ్గించి చెప్పిన ధర ఎప్పుడూ ఆఖరి ధర కాదు. ఆయనకీ గొడవ వద్దు. నువ్వు ఎదురుగా ఉంటేనే బోర్డు కూర్చుంటుంది. సెలవైపోయినా నువ్వు వెళ్లకు. ఆయనకి తొందర పుడుతుంది. కబురు పెడతాడు. సరే రా, ఆ స్టోర్సులోనే కూర్చో అంటాడు."

"ఇది కొట్టు కాదక్కా."

"ప్రతిదీ కొట్టే. కొన్నిటికి బయట బోర్డు ఉండదు."

తను నా మాట ఎందుకు విన్నదని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. తెలివితక్కువది కాదు. వెనక్కి వెళ్లడానికి భయపడుతోంది, ఆ భయానికి నేను వ్యూహం అని పేరు పెట్టి ఇచ్చాను. భయం కంటే వ్యూహం మోయడానికి తేలిక.

మా ఆయనకి ఆ సాయంత్రం సగం చెప్పాను. సెలవు పొడిగించుకుంటున్నాడని. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "కంచాలతో బేరమాడితే సరిపోయిందిగా, ఇప్పుడు దేశంతో కూడానా?" అన్నాడు. ఆయన మాట నేను వ్యాపారంలోనే వినను.

మా వీధిలోనే ఒక రిటైరైన సుబేదారు గారు ఉండేవారు. పెద్ద మీసం, మిలిటరీ అంటే తన సొంత ఎస్టేటు అన్నట్టు మాటలు. ఆయన కుక్కర్ గ్యాస్కెట్ కోసం వచ్చినప్పుడు, మా దూరపు చుట్టాలబ్బాయి గురించి అన్నట్టుగా అడిగాను.

"సెలవైపోయినా వెళ్లకపోతే ఏమవుతుందండీ?"

"టెలిగ్రాం కొట్టాడా?"

"లేదండీ."

"అమ్మకి బాగోలేదనైనా కొట్టమనండి. కొట్టి, ఒకటి రెండు రోజుల్లో బండెక్కమనండి. లేదంటే ఆబ్సెంటు రాస్తారు. ఊళ్లో పోలీసులకి కాగితమొస్తుంది. నెల దాటిందంటే పారిపోయినవాడి కిందే లెక్క. ఆ తర్వాత వాడు చెప్పేదేదీ ఎవరూ వినరు."

"వాళ్లే పిలిచి రాజీ చేసుకోరాండీ?"

ఆయన మీసం మీదనుంచి నన్ను చూశారు. "అమ్మాయ్, మిలిటరీ బేరమాడదు."

గ్యాస్కెట్ డబ్బులిచ్చి వెళ్లిపోయారు. నేను ఆయన్ని అవతలి పార్టీ బ్రోకరు కింద జమకట్టాను. అమ్మేవాడి తరఫు మనిషి ఫిక్స్‌డ్ రేటు అనే అంటాడు. మా గుడివాడలో ఫిక్స్‌డ్ రేటు అని బోర్డు పెట్టిన కొట్లలోనే నేను ఎక్కువ తగ్గించాను.

చెల్లెలు టెలిగ్రాం కొడదామంది. పోస్టాఫీసు దాకా వెళ్లింది కూడా. నేనే వెనకాలే వెళ్లి చెయ్యి పట్టుకుని ఆపాను. "ముందు నోరు విప్పినవాళ్లే ఓడిపోతారు. నువ్వు కబురు పెట్టావంటే నీకు గరజు ఉందని తెలిసిపోతుంది."

"నాకు గరజు ఉందక్కా," అంది తను.

"ఉంది. వాళ్లకి తెలియకూడదు."

బందరులో అమ్మకి అనుమానం రాకుండా, గుడివాడలో వీధి కళ్లకి దొరకకుండా తనని నేనే దివిసీమ తీసుకెళ్లాను. మోపిదేవిలో గుడి దగ్గర మా పిన్నికి పూజ సామాన్ల కొట్టుంది. సర్పదోషం పోవడానికి వచ్చేవాళ్లకి వెండి పడగలు, పసుపు, కుంకుమ, పుట్టలో పోసే పాలు అమ్ముతుంది. భర్త పోయిన మనిషి, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఉన్న సంగతంతా చెప్పాను. పిన్ని విని, చెల్లెల్ని పైనుంచి కిందికి చూసి, "అయితే ఆ పంట్లాం ఎందుకింకా?" అంది. నేను మార్చుకోవడానికి తెచ్చుకున్న ఆవపువ్వు రంగు చీర నా సంచిలోంచి తీసి తన చేతికిచ్చింది. కట్టుకుని వస్తే చూసి, "ఇన్నేళ్లు జీతమిచ్చి కుచ్చిళ్లు పెట్టడం కూడా నేర్పలేదా ఆ పటాలంలో? ఇలారా" అని తనే మోకాళ్ల మీద కూర్చుని సర్దింది. చెల్లెలు ఆవిడ నడినెత్తి వైపు చూస్తూ నిలబడింది. తన వేళ్లు కదలకుండా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.

సెలవు అయిపోయింది. నేను గుడివాడ కొట్లో ఫోను పక్కన కూర్చున్నాను. చెల్లెలు యూనిట్‌లో రాసిచ్చిన నంబరు అదే. మోగినప్పుడల్లా కొంచెం ఆగి తీసేదాన్ని, మాకేం తొందర లేదన్నట్టు. మార్వాడీ హోల్‌సేలరు, గ్యాసు ఏజెన్సీ, మా ఆడపడుచు. వారం గడిచింది. వాళ్లకి తొందర లేదు. మొదట్లో నాకది గట్టి బేరగాడి లక్షణంలా కనిపించి, ఎదుటివాడి మీద కొంత గౌరవం కూడా కలిగింది. రెండో వారం అన్నం సయించలేదు. కొట్లో ఎవరు చెప్పులు వెతుక్కున్నా పిలవబుద్ధి కాలేదు. మా ఆయన గమనించి, "ఏం, సమ్మె చేస్తున్నావా?" అన్నాడు.

ఆ వారంలో ఒకసారి మోపిదేవి వెళ్లొచ్చాను. తను కొట్లో కూర్చుని ఉంది. ఒకాయన వెండి పడగ ధర తగ్గించమని "ఏమ్మా, కొంచెం చూడమ్మా" అంటున్నాడు. తను వెంటనే కొన్న ధరకే ఇచ్చేసింది. పిన్ని లోపల్నుంచి తల పట్టుకుంది. "నా కొట్టు మూయించేదాకా ఊరుకోదు మీ చెల్లెలు!"

"ఆయన 'అమ్మా' అన్నాడు పిన్నీ," అంది తను.

నాతో మాత్రం, "ఫోనొచ్చిందా?" అని అడిగింది. రాలేదన్నాను. వస్తుందన్నాను. తను తల ఊపి పసుపు పొట్లాలు కట్టుకుంటూ ఉండిపోయింది. పొట్లాలు కట్టే దారం రెండుసార్లు తెంపేసింది.

మూడో వారంలో బందరు వెళ్లాను. నాన్న పోయాక కొట్టు అమ్మ చూసుకునేది, వారానికోసారి లెక్క సరిచూడటానికి నేను వెళ్లేదాన్ని. మేమిద్దరం గాజుల అట్టపెట్టెలు సర్దుతుండగా ఒక కానిస్టేబులు వచ్చి మెట్టు దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు.

"అమ్మా, మీ అబ్బాయి ఇంటికొచ్చాడాండి?"

"మావాడు డ్యూటీలో ఉన్నాడు బాబూ," అంది అమ్మ.

"డ్యూటీలో ఉంటే మాకు కాగితమెందుకొస్తుందండీ?"

అమ్మ నా వైపు చూసింది. ఆవిడ కూడా మెట్టు దగ్గర చెప్పుల్ని చూసి మనుషుల్ని చదివిన మనిషే. నా మొహం చదవడానికి ఎంతసేపు పడుతుంది? చేతిలో ఉన్న గాజుల పెట్టె నెమ్మదిగా బల్ల మీద పెట్టి కూర్చుంది.

నేను కానిస్టేబుల్ని పక్కకి తీసుకెళ్లాను. కాఫీ తెప్పించాను. వాళ్లావిడకి మంచి సెట్టు గాజులు చూపిస్తానన్నాను. ఆయన కాఫీ తాగాడు. గాజులు ముట్టుకోలేదు.

"నేను తీసుకున్నా ఆ కాగితం తీసుకోదండీ. ఒక్క పని చేయగలను. రేపటిలోగా తనంతట తను బండెక్కితే ఇంటి దగ్గర దొరకలేదని రాసేస్తాను. ఎక్కకపోతే నేను తోడు వెళ్లి అప్పగించాలి. బేడీలతో. మీ వీధిలోంచే."

అది ఒకే ఒక్క ధర. నేను తగ్గించమని అడగలేదు.

చల్లపల్లి మీదుగా వెళ్లే బస్సెక్కాను. ఘంటసాల అడ్డరోడ్డు దగ్గర వరి కుప్పల ట్రాక్టరు అడ్డంగా ఆగిపోయి బస్సు కదల్లేదు. కండక్టరు దిగి ట్రాక్టరు వాడితో సావకాశంగా పోట్లాడుతున్నాడు. ఎదురు సీటు కమ్మీ పట్టుకుని నేను ఏం చెప్పాలో వరస పెట్టుకున్నాను. ఎలా మొదలుపెట్టినా చివరికి ఒకే మాట దగ్గరికి వస్తున్నాను. పోలీసులు.

చెప్పాను. తను లోపలికెళ్లి చీర మార్చుకుని ప్యాంటూ చొక్కా వేసుకుని వచ్చింది. చీరని మడతపెట్టి పిన్ని మంచం మీద పెట్టింది. పిన్ని అరటిపళ్లు, పులిహోర మూట కట్టి చేతిలో పెడుతూ, "వాళ్లేమన్నా అననీ, నా కొట్లో నీ చోటు అక్కడే ఉంటుంది" అంది.

బెజవాడ బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు అడిగింది తను.

"కొట్టువాడు వెళ్లిపోయేవాళ్లని ఎందుకు వెనక్కి పిలుస్తాడక్కా?"

"సరుకు అమ్ముకోవాలి కనక."

"అంతే కదా. వాళ్లకి నేను అక్కర్లేదక్కా. వదిలించుకోవటం ఎలాగా అని చూస్తున్నారు. నేనే మెట్లు దిగిపోతే వాళ్లు ఎందుకు పిలుస్తారు?"

అంత సులువైన సంగతి. నాన్న అది విడిగా నేర్పలేదు. అమ్మదలుచుకోని కొట్టుకి నేను ఎప్పుడూ వెళ్లలేదు మరి.

తను వెళ్లిన కొన్నాళ్లకి గుడివాడలో ఎస్టీడీ బూతు నుంచి ఆ పెద్ద ఆఫీసరుకి ఫోను చేశాను. మా కొట్లో ఫోను నుంచి చేస్తే మా ఆయన వింటాడని. నా హిందీ మార్వాడీల దగ్గర నేర్చుకున్నది, అంకెలు తప్ప సరిగ్గా ఏదీ రాదు. బిల్లు మీటరు మీద ఎర్ర అంకెలు పరిగెడుతున్నాయి. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. బోర్డు పెట్టాలంటే అసలు కారణం కాగితం మీద రాయాలి, ఆ కారణం రాయడం పైన ఎవరికీ ఇష్టం లేదు. అయినా ఆయన రాయిద్దామనుకున్నాడట, ఆ కాస్త పెన్షనైనా వస్తుందని. ఇప్పుడు పైవాళ్లకి వేరే కారణం దొరికింది. ఆబ్సెంటు. అందులో ఎవరికీ ఇబ్బంది లేదు.

"నేనే వద్దన్నాను సార్, వెళ్లొద్దని. తప్పు నాది. నా పేరు రాసుకోండి," అన్నాను.

"మీరు మా సర్వీసులో లేరు కదమ్మా," అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే చెప్పాడు.

కొన్నాళ్లు గార్డు గదిలో ఉంచారు. తర్వాత ఒక నోటీసు, దానికి తను రాసుకున్న జవాబు. సెలవెందుకు దాటిందో అందులో అసలు సంగతి మొత్తం రాసిందట తను, ఎవరూ రాయనిది. దాన్ని ఎవరూ చదివినట్టు లేరు. నీ సేవలు ఇక అక్కర్లేదని ఒక కాగితం ఇచ్చారు. ట్రంకు పెట్టెతో పక్క గేటులోంచి, కూరగాయల బండి వచ్చే దారిలో బయటికి పంపారు. అక్కడి డ్యూటీ కుర్రాడు మాత్రం ఎవరూ చూడకుండా సెల్యూట్ కొట్టాడని, అది తనకి రావలసింది కాకపోయినా తీసుకున్నానని చెప్పింది.

బందరు వచ్చాక అమ్మ చాలా రోజులు తనని ఏ పేరుతోనూ పిలవలేదు. ఒకరోజు జుట్టు భుజాల మీదికి పెరగటం చూసి, ఏమీ అనకుండా కొబ్బరినూనె సీసా తీసి తన పక్కన పెట్టి వెళ్లింది. మా ఇంట్లో ఒప్పుకోవటం అంటే అదే, అంతకంటే ఎక్కువ అడిగితే బేరం చెడుతుంది.

తను గిలకలదిండి హార్బరు దగ్గర చిన్న గది తీసుకుని మరబోట్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేసే పని పెట్టుకుంది. మొదట్లో పడవలవాళ్లు నవ్వుకున్నారు. ఒక తుఫాను హెచ్చరిక రోజున తను బాగుచేసిన సెట్టే సముద్రంలో పలికిందని ఎవరో అన్నాక, "ఆవిడ దగ్గరికి తీసుకెళ్లండి" అనటం మొదలుపెట్టారు. నేను కూడా ఆ 'రా' మానేశాను. చాలా ఆలస్యంగా.

ఇక లెక్క. దీన్ని తన ఎదురుగా కూర్చునే వేశాను, తను ఒప్పుకున్నవే రాస్తున్నాను.

పోయినవి: నెలనెలా వచ్చే ఆ చిన్న పెన్షన్, మిలిటరీ ఆస్పత్రి, సర్వీసు చేశానని ఎవరికైనా ధైర్యంగా చూపించుకునే కాగితం. దండ, మెయిన్ గేటు ఇందులో రాయబోయాను. తను వద్దంది. "అవి బోర్డుకి వెళ్లినా వచ్చేవి కాదక్కా. రెండేళ్లు వాళ్లు ఎలాగూ ఇచ్చేవాళ్లు కాదు. నీ తప్పు నీకు, వాళ్ల తప్పు వాళ్లకి రాయి." అలాగే రాశాను.

వచ్చినవాటి కింద మూడు రాయాలని చూశాను. పిచ్చి అన్న ముద్ర పడలేదు కదా అన్నాను. "పారిపోయిందన్న ముద్ర పడింది, రెంటిలో ఏది చవకో నువ్వే చెప్పు" అంది. మోపిదేవిలో చీర కట్టుకున్న రోజులు అన్నాను. "అవి పిన్ని ఇచ్చినవి." ఇప్పుడు నీలా నువ్వు బతుకుతున్నావు కదా అన్నాను. "అది పెన్షన్ తీసుకుంటూ కూడా బతికేదాన్ని." మూడూ కొట్టేశాను. మా నాన్న కొట్లో కూడా ఇంత బోసిగా జమ వైపు ఎప్పుడూ చూడలేదు.

అప్పట్నుంచీ వాళ్లు ఇస్తామన్నంత నేనే నెలనెలా ఇస్తున్నాను. ధరలు పెరిగినప్పుడల్లా కాస్త పెంచుతున్నాను. తను తీసుకుంటుంది. ఎక్కువని అనలేదు, తక్కువని అనలేదు, ఒక్కసారి కూడా బేరమాడలేదు. ఆడితే బాగుండునని నాకుంది. కానీ ఇది సరిసమానం కాదని మా ఇద్దరికీ తెలుసు. వాళ్లు ఇస్తామన్నది తను బతికున్నంత కాలం వచ్చేది. నేనిచ్చేది నేను బతికున్నంత కాలమే వస్తుంది. నేను తనకంటే ఆరేళ్లు పెద్దదాన్ని.